కాగితంలో ఉన్నది విమానం మీద ఉందా? ఎయిర్‌వర్తీనెస్ రివ్యూ చేసే పద్ధతి

"ఏఆర్‌సీ రివ్యూ అంటే లాగ్‌బుక్కులు తిరగేసి సంతకం పెట్టడమే కదా అన్నా?" అని రాజాం కుర్రాడొకడు ఫోన్లో అడిగాడు. ఏఆర్‌సీ అంటే విమానం ఎగరడానికి తగినట్టు ఉందని ఏటా చూసి తేల్చే సర్టిఫికెట్. భోగాపురంలో విమానాశ్రయం పనులు మొదలయ్యాక విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి ఏఎంఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజినీరు) చదువుకు వెళ్లిన పిల్లలు ఇలాంటి ప్రశ్నలు తరచూ అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి, వరుసగా చెబుదామని ఇది రాస్తున్నాను.

మన వైపు ఎకరం పొలం కొనాలంటే అడంగల్, 1బి తీయిస్తాం, ఈసీ చూస్తాం. అంతటితో బయానా ఇచ్చేయం. గట్టు మీదకు వెళ్లి సరిహద్దు రాళ్లు చూసుకుంటాం, పక్క పొలం రైతును అడుగుతాం. కాగితంలో ఎకరం ఉండి నేల మీద తొంభై సెంట్లే ఉంటే అక్కడే ఆగిపోతాం. విమానం రివ్యూ కూడా ఇదే పని. రికార్డులు ఒక కథ చెబుతాయి, విమానం ఒక కథ చెబుతుంది. రెండూ ఒకటేనని మీ కళ్లతో చూసి తేల్చాలి.

ఉదాహరణలన్నీ శిక్షణకు వాడే సెస్నా 172 మీద చెబుతాను. పెద్ద విమానానికి కాగితాలు పెరుగుతాయి గానీ వరుస మారదు. మీ కామో సంస్థకు (విమానం ఎగరడానికి తగిన స్థితిలో ఉండేలా చూసే బాధ్యత దానిది) ఆమోదం పొందిన సొంత పద్ధతుల పుస్తకం ఉంటుంది, డీజీసీఏ (దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ) వారి నిబంధనల పుస్తకం సీఏఆర్-ఎం తాజా ప్రతి ఉంటుంది. పని చేసేటప్పుడు ఆ రెండూ పక్కన ఉండాల్సిందే.

1. ఎవరు చేయాలి, ఎప్పుడు చేయాలి

ఏఆర్‌సీ, అంటే ఎయిర్‌వర్తీనెస్ రివ్యూ సర్టిఫికెట్, ఒక ఏడాది చెల్లుతుంది. అది చెల్లకుండా పోతే విమానం ఎగరకూడదు. డీజీసీఏ గానీ, ఆ అధికారం ఉన్న కామో గానీ దాన్ని ఇస్తాయి. గడిచిన 12 నెలలూ విమానం ఒకే కామో చేతిలో ఉండి, ఆమోదం ఉన్న సంస్థల దగ్గరే మెయింటెనెన్స్ జరిగి ఉంటే, పూర్తి రివ్యూ లేకుండా ఏడాది చొప్పున రెండుసార్లు పొడిగించవచ్చు. మూడోసారి పూర్తి రివ్యూ తప్పదు.

రివ్యూ చేసే మనిషి ఆ విమానం మెయింటెనెన్స్‌ను నడిపించే మనిషి కాకూడదు. నిన్న తాను ప్లాన్ చేసిన పనిని ఈరోజు తానే తనిఖీ చేస్తే తప్పు కళ్లకు కనిపించదు. ఆ రకం విమానానికి లైసెన్సు మీకు లేకపోతే, విమానం దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ లైసెన్సు ఉన్న ఇంజినీరును వెంట తీసుకెళ్లండి.

తేదీ విషయంలో ఒక వెసులుబాటు ఉంది. గడువుకు 90 రోజుల ముందు నుంచే రివ్యూ చేసుకోవచ్చు, ముందే చేసినా ఏటా వచ్చే గడువు తేదీ మారదు. గడువు నవంబరు 30 అనుకోండి, సెప్టెంబరు 1 నుంచి మొదలుపెట్టవచ్చు. పెద్ద చెక్ (తనిఖీ) కోసం ప్యానెళ్లు ఎలాగూ తెరుస్తారు కాబట్టి ఆ రోజులకు జత చేస్తే లోపల కూడా చూసే వీలుంటుంది.

ఈ తీరంలో ఉండేవాళ్లకు ఇంకో లెక్క కూడా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మన మీదకే వచ్చాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో గడువు తీరే విమానానికి తుపాను రోజుల్లో రివ్యూ పెట్టుకుంటే పని మధ్యలో ఆగిపోతుంది. ముందే చేసుకోండి. చేసిన తర్వాత, సంతకానికి ముందు తుపాను వచ్చిందా, విమానాన్ని మళ్లీ చూడాల్సిందే.

2. కాగితాలన్నీ ఒక బల్ల మీదకు తెప్పించుకోవడం

ఒక్కొక్కటీ అడుగుతూ పోతే వారం గడుస్తుంది. రెండు వారాల ముందే ఈ జాబితా పంపండి.

☐ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, ఎయిర్‌వర్తీనెస్ సర్టిఫికెట్, పాత ఏఆర్‌సీ
☐ ఎయిర్‌ఫ్రేమ్, ఇంజిన్, ప్రొపెల్లర్ లాగ్‌బుక్కులు
☐ టెక్ లాగ్ (ప్రతి ప్రయాణం సమయం, లోపాలు రాసే పుస్తకం) పేజీలు, పాత రివ్యూ నుంచి ఈరోజు దాకా
☐ ఆమోదం పొందిన మెయింటెనెన్స్ ప్రోగ్రాం, చేసిన పనుల కాగితాల కట్టలు, అంటే వర్క్‌ప్యాక్‌లు
☐ ఏడీల (తప్పనిసరి ఆదేశాల) స్థితి పట్టిక
☐ ఆయుష్షు పరిమితి ఉన్న భాగాల పట్టిక, వాటి విడుదల పత్రాలు
☐ మార్పులు, రిపేర్ల జాబితా, వాటి ఆమోద పత్రాలు
☐ తూకం రిపోర్టు, పరికరాల జాబితా
☐ ఫ్లైట్ మాన్యువల్, దాని సప్లిమెంట్లు
☐ వాయిదా వేసిన లోపాల పట్టిక
☐ నాయిస్ సర్టిఫికెట్, రేడియో లైసెన్సు

జాబితాలో ఒక్కటి తక్కువైనా రివ్యూ మొదలుపెట్టకండి. "అది రేపొస్తుంది సార్, ఈలోగా మిగతావి చూసేయండి" అంటారు. ఆ ఒక్క కాగితంలోనే అసలు విషయం ఉన్న సందర్భాలు నేను చూశాను.

3. గంటలు, ల్యాండింగులు: ముందు కూడిక సరిచూడండి

మిగతా లెక్కలన్నీ ఈ అంకెల మీదే నిలబడతాయి కాబట్టి మొదలు ఇక్కడే.

పాత రివ్యూ నాటి మొత్తం తీసుకోండి. మన ఉదాహరణలో 4,812:35 గంటలు. అప్పటి నుంచి టెక్ లాగ్ పేజీలను మీరే కూడండి. 386:20 వచ్చింది అనుకుందాం. ఈరోజు మొత్తం 5,198:55 రావాలి. లాగ్‌బుక్కులోనూ, కంప్యూటర్లోనూ అదే ఉందా? ఉంటేనే ముందుకు వెళ్లండి.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు గంటల రాతలో ఉంటుంది. గంటా 45 నిమిషాలను 1:45 అని రాయాలి, దశాంశంలో అయితే 1.75 అని రాయాలి. ఒకరు 1.45 అని రాస్తారు. అక్కడ 18 నిమిషాలు మాయమవుతాయి. అలాంటి ప్రయాణాలు వంద జరిగితే 30 గంటలు లెక్కలో ఉండవు, విమానం మాత్రం ఆ 30 గంటలూ అరిగింది.

రెండో తప్పు గడియారాలు కలపడం. సెస్నాలో టాకోమీటరు ఇంజిన్ వేగాన్ని బట్టి తిరుగుతుంది, హాబ్స్ మీటరు మామూలు కాలాన్ని చూపిస్తుంది, టెక్ లాగ్‌లో గాలిలో ఉన్న సమయం ఉంటుంది. మూడూ ఒక్కటి కావు. మీ మెయింటెనెన్స్ ప్రోగ్రాం ఏ గడియారాన్ని ఒప్పుకుందో చూసి మొదటి నుంచి చివరి దాకా దాన్నే పట్టుకోండి.

శిక్షణ విమానాలకు ల్యాండింగుల లెక్క మరీ ముఖ్యం. ఒక్క ప్రయాణంలో కుర్రాళ్లు ఆరుసార్లు దిగి లేస్తారు. ఒక ప్రయాణానికి ఒక ల్యాండింగే రాసి ఉంటే లెక్క తప్పినట్టే. సర్క్యూట్లు (రన్‌వే చుట్టూ తిరిగి మళ్లీ మళ్లీ దిగి లేవడం) అని రాసిన పేజీలను వేరుగా తీసి చూడండి.

4. ఏడీలు: "వర్తించదు" అన్నచోట ఎక్కువ సేపు ఆగండి

ఏడీ అంటే ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్, తప్పనిసరిగా పాటించాల్సిన ఆదేశం. విమానం డిజైన్ చేసిన దేశం ఇచ్చినవి మనకూ వర్తిస్తాయి, డీజీసీఏ విడిగా తప్పనిసరి చేసినవి కూడా చూడాలి. ఎయిర్‌ఫ్రేమ్, ఇంజిన్, ప్రొపెల్లర్, అమర్చిన పరికరాలు, ఈ నాలుగింటికీ వేర్వేరుగా వెతకండి. పరికరాల ఏడీలు మరిచిపోవడం మామూలు. మాగ్నెటో (ఇంజిన్‌కు నిప్పురవ్వ ఇచ్చే పరికరం) మీదో, సీటు బెల్టు మీదో వచ్చిన ఆదేశం సెస్నా జాబితాలో కనిపించకపోవచ్చు.

వాళ్లిచ్చిన పట్టికను నమ్మి మొదలుపెట్టకండి. జారీ చేసిన సంస్థ జాబితాను మీరే దించుకుని పట్టికతో పోల్చండి. తర్వాత ఒక్కో గడి ఇలా చదవండి.

"చేశాం" అని ఉంటే: ఏ తేదీ, ఎన్ని గంటల దగ్గర, ఏ పద్ధతిలో, ఎవరి సంతకంతో? పట్టికలో టిక్కు చాలదు, వర్క్‌ప్యాక్‌లో అసలు పేజీ తీసి చూడండి.

"వర్తించదు" అని ఉంటే: ఎందుకు? సీరియల్ నంబరు పరిధిలో లేదా? ఆ పార్టు అమర్చలేదా? కారణం రాసి ఉండాలి. పార్టు లేదు అన్నదే కారణమైతే ఆ మాటను మీ జేబు జాబితాలో (దాని సంగతి 7లో చెబుతాను) రాసుకోండి, విమానం దగ్గర చూద్దాం.

"ముగిసింది" అని ఉంటే: మళ్లీ మళ్లీ చేయాల్సిన ఆదేశమా, ఒక్కసారితో పోయేదా?

సెస్నా సీటు పట్టాల మీద ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ఇచ్చిన ఏడీ 2011-10-09 దీనికి మంచి ఉదాహరణ. పట్టా అరిగి పిన్ను పట్టు తప్పితే, టేకాఫ్‌లో ముక్కు లేచిన క్షణాన సీటు పైలట్‌తో సహా వెనక్కు జారుతుంది. చేతిలో కంట్రోల్ ఉంటుంది, దాన్నీ లాగేస్తాడు. అందుకే ప్రతి 100 గంటలకు గానీ 12 క్యాలెండర్ నెలలకు గానీ, ఏది ముందైతే అప్పుడు చూడమన్నారు. ఒకచోట ఈ ఏడీ ఎదురుగా "ముగిసింది" అని రాసి ఉండటం నేను చూశాను. పట్టా కొత్తది వేశాం కాబట్టి అయిపోయిందని వాళ్లు అనుకున్నారు. కొత్త పట్టా కూడా అరుగుతుంది. ఆ రోజు అక్కడే ఆపి, సీట్లు తీయించి, కొలతలు వేయించాకే కదిలాను.

మన ఉదాహరణ విమానానికి ఈ తనిఖీ చివరగా 5,102:10 దగ్గర జరిగిందనుకోండి. 5,202:10 లోపు మళ్లీ చేయాలి. విమానం ఇప్పటికే 5,198:55 దగ్గర ఉంది. మిగిలింది 3 గంటల 15 నిమిషాలు. పైన చెప్పిన 18 నిమిషాల తప్పు పదకొండుసార్లు జరిగి ఉంటే చాలు, ఈ గడువు దాటిపోయినట్టే. అందుకే కూడిక ముందు, ఏడీలు తర్వాత అన్నాను.

5. ఆయుష్షు ఉన్న భాగాలు

కొన్ని భాగాలకు తయారీదారు గంటలనో, సైకిళ్లనో (ఒకసారి లేచి దిగితే ఒక సైకిల్), తేదీనో హద్దుగా పెడతాడు. జెట్ ఇంజిన్ డిస్కుల లాంటి వాటికి పుట్టిన రోజు నుంచి ప్రతి మజిలీ రికార్డు ఉండాలి. మధ్యలో ఒక్క మజిలీ తెగినా ఆ భాగం ఎంత బతికిందో చెప్పలేం. చిన్న విమానంలో గొట్టాలు, ఈఎల్‌టీ (ప్రమాదంలో జాడ తెలిపే సిగ్నల్ పంపే పరికరం) బ్యాటరీ, అగ్నిమాపక సిలిండరు లాంటివి ఎక్కువగా తేదీ మీద నడుస్తాయి.

ప్రతి భాగానికీ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. పార్టు నంబరు, సీరియల్ నంబరు ఏమిటి? ఎప్పుడు, విమానం ఎన్ని గంటల దగ్గర అమర్చారు? అమర్చే నాటికే దాన్ని ఎంత వాడారు? విడుదల పత్రం ఉందా? మన దేశపు సీఏ ఫారం 1, యూరప్ వారి ఈఏఎస్ఏ ఫారం 1, అమెరికా వారి ఎఫ్ఏఏ 8130-3, వీటిలో ఏదో ఒకటి ఉండాలి.

మూడో ప్రశ్న దగ్గరే దెబ్బతింటారు. ఒక విమానంలోంచి తీసి ఇంకోదానికి వేసిన భాగాన్ని కొత్త విమానంలో సున్నా నుంచి లెక్కపెట్టేస్తారు.

నమూనాగా కొన్నే చూడవచ్చు, అన్నీ చూడనక్కర్లేదు. కానీ ప్రతి రకం నుంచీ కొన్ని ఉండాలి, ఎంపిక మీదై ఉండాలి. నమూనాలో ఒక తప్పు దొరికితే ఆ రకం మొత్తం చూడండి.

6. లోపాలు, మార్పులు, తూకం

ఏ పరికరం పని చేయకపోయినా ఎగరవచ్చో చెప్పే జాబితాను ఎంఈఎల్ అంటారు. వాయిదా వేసిన లోపానికి ఎంఈఎల్‌లో గడువు ఉంటుంది. బి రకానికి 3 రోజులు, సి రకానికి 10, డి రకానికి 120. లోపం రాసిన రోజు లెక్కలోకి రాదు. 10వ తేదీన రాసిన బి రకం లోపం 13వ తేదీ అర్ధరాత్రితో ముగుస్తుంది. మూసేసి మర్నాడే అదే లోపాన్ని మళ్లీ తెరిచిన పేజీలు కనిపిస్తే, బాగు చేయకుండా గడువు కొత్తగా తెచ్చుకున్నారేమో అడగండి.

ప్రతి మార్పుకూ మూడు జాడలు ఉండాలి: ఆమోద పత్రం, తూకంలో తేడా, ఫ్లైట్ మాన్యువల్‌లో సప్లిమెంటు. కొత్త రేడియో పెట్టారు, పాత ఏడీఎఫ్ (దిశ చూపే రేడియో పరికరం) తీసేశారు, పరికరాల జాబితాలో మాత్రం పాతదే ఉంది. ఇది చాలాచోట్ల దొరికే లోపం. కంపాస్ పక్కన కొత్త పరికరం వచ్చిందంటే డీవియేషన్ కార్డు (కంపాస్ ఎంత తేడా చూపిస్తుందో రాసిన కార్డు) తేదీ కూడా చూడండి, పరికరం కన్నా కార్డు పాతదైతే కంపాస్ మళ్లీ సరిచూడాలి.

చేసిన ప్రతి పనికీ సీఆర్ఎస్, అంటే విడుదల సంతకం ఉందా చూడండి. నాయిస్ సర్టిఫికెట్, రేడియో లైసెన్సు చెల్లుతున్నాయంటే చాలు.

7. జేబు జాబితా తయారీ

కాగితాల పని అయ్యాక వెంటనే హ్యాంగర్‌కు పరుగెత్తకండి. ఒక గంట కూర్చుని, విమానం మీద ఏమేం చూడాలో ఒక్క పేజీలో రాసుకోండి.

☐ ఎయిర్‌ఫ్రేమ్, ఇంజిన్, ప్రొపెల్లర్ సీరియల్ నంబర్లు
☐ ఎంచుకున్న పది, పన్నెండు భాగాల నంబర్లు
☐ "పార్టు లేదు" అని చెప్పిన ఏడీలు
☐ రిపేర్లు జరిగిన చోట్లు, వాటి కొలతలు
☐ వాయిదాలో ఉన్న లోపాలు, వాటి ప్లకార్డులు (అంటించిన సూచన చీటీలు)
☐ ఈ ఏడాది తీసిన, పెట్టిన పరికరాలు

వెంట టార్చి, చిన్న అద్దం, భూతద్దం, మెత్తని గుడ్డ, ఫోటోలకు కెమెరా తీసుకెళ్లండి. విమానం కడిగి ఉండాలి, కానీ మీరు వెళ్లే ముందురోజు కడగొద్దని చెప్పండి. నూనె కారుతున్న జాడలు నీళ్లతో పోతాయి.

8. విమానం చుట్టూ ఒక ప్రదక్షిణ

ఎడమ తలుపు దగ్గర మొదలుపెట్టి మళ్లీ అక్కడికే రండి. మధ్యలో ఎవరైనా పిలిచి వెళ్లాల్సి వస్తే, వచ్చాక ఆగిన చోటికి కాదు, అంతకు రెండడుగులు వెనక నుంచి మొదలుపెట్టండి.

మొదట గుర్తింపు. వీటీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ అక్షరాలు చెరిగిపోకుండా ఉన్నాయా? డేటా ప్లేటు మీద సీరియల్, మంటకు తట్టుకునే రిజిస్ట్రేషన్ ప్లేటు మీద అక్షరాలు కాగితంతో కలుస్తున్నాయా?

తర్వాత ప్లకార్డులు. ఇంధనం మూత దగ్గర ఏ ఇంధనం, ఎంత పడుతుంది అన్న రాత ఉండాలి. తలుపు, లగేజీ బరువు, వేగ పరిమితుల ప్లకార్డులు ఫ్లైట్ మాన్యువల్‌లో ఉన్నట్టే ఉండాలి. ఎయిర్‌స్పీడ్ మీటరు మీద రంగు గీతలను మాన్యువల్ అంకెలతో పోల్చండి. మీటరు మార్చినప్పుడు వేరే మోడల్‌ది వచ్చి ఉంటే ఇక్కడే బయటపడుతుంది.

లోపల సీటు పట్టాల రంధ్రాలు, బెల్టుల లేబుళ్లు, ఈఎల్‌టీ బ్యాటరీ తేదీ, సిలిండరు తేదీ. బయట రెక్కలు, తోక, చక్రాలు, ఇంజిన్. రివెట్ల చుట్టూ నల్లటి పొగలాంటి చార కనిపిస్తే ఆ రివెటు కదులుతోందని అర్థం. కంట్రోల్ కేబుళ్లు ఎక్కువగా పుల్లీల దగ్గర తెగుతాయి. గుడ్డ చుట్టి కేబుల్ వెంట జరపండి, విరిగిన తీగ గుడ్డకు తగులుకుంటుంది. ఒట్టి చేత్తో మాత్రం రుద్దకండి, చెయ్యి కోసుకుపోతుంది.

ప్యానెల్ తెరవాల్సి వస్తే లైసెన్సు ఉన్న ఇంజినీరే తెరవాలి. తెరిచినదీ, మూసినదీ రికార్డు కావాలి, సంతకం ఉండాలి. రివ్యూ పేరుతో తెరిచిన మూతకు స్క్రూ బిగించకుండా వదిలేస్తే, తనిఖీయే ప్రమాదానికి కారణమవుతుంది.

9. ఉప్పుగాలి తగిలే విమానానికి అదనంగా

పూసపాటిరేగ, భోగాపురం తీరంలో ఇల్లు కట్టినవాళ్లకు కిటికీ ఊచల సంగతి తెలుసు. రంగు బాగానే కనిపిస్తుంది, కింద బుడగ లేస్తుంది, గీకితే ఇనుము పొరలు పొరలుగా ఊడుతుంది. విమానంలోనూ అదే జరుగుతుంది, తేడా ఒక్కటే. అల్యూమినియానికి ఎర్రటి తుప్పు రాదు, తెల్లటి పొడి వస్తుంది. ఎర్రదనం కోసం వెతికితే ఏదీ కనిపించదు.

☐ రంగు కింద సన్నటి పురుగు పాకినట్టు గీతలు, రివెట్ల చుట్టూ బుడగలు
☐ అల్యూమినియంలో ఉక్కు బోల్టులు ఉన్న ప్రతి కీలు
☐ ఫ్లాప్, ఎయిలరాన్ పియానో హింజిలు
☐ యాంటెన్నాల అడుగున సీలెంటు
☐ బ్యాటరీ పెట్టె, దాని కింద నేల
☐ కార్పెట్టు, ఫోమ్ అడుగున చెమ్మ
☐ రెక్కల అడుగున నీళ్లు కారే చిన్న రంధ్రాలు, మూసుకుపోయాయేమో
☐ ముందు చక్రం స్ట్రట్ మెరిసే భాగం మీద చుక్కలు
☐ ఇంధనం మూతల రబ్బరు

పిటో గొట్టం, స్టాటిక్ రంధ్రాల (స్పీడు మీటరుకు గాలి ఒత్తిడి అందించేవి) దగ్గర ప్రత్యేకంగా ఆగండి. మన పెరట్లో గోడ మూలల్లో మట్టి గూడు కట్టే కుమ్మరి పురుగుకు ఆ గొట్టం సరిగ్గా సరిపోతుంది. కవరు వేయకుండా రెండు రోజులు వదిలితే చాలు. లోపల మట్టి ఉంటే స్పీడు మీటరు తప్పు చూపిస్తుంది. నోటితో ఊదకండి, పుల్లతో గుచ్చకండి. లోపంగా రాసి, మాన్యువల్ చెప్పిన పద్ధతిలో శుభ్రం చేయించండి.

తుప్పు దొరికితే రంగు వేయిస్తామంటారు. ముందు లోతు కొలవాలి, రిపేరు మాన్యువల్ పరిమితితో పోల్చాలి, ఆ తర్వాతే రంగు.

10. ఇప్పుడు వెనక్కి: విమానం నుంచి కాగితానికి

ఇంతవరకు కాగితంలో ఉన్నది విమానం మీద వెతికాం. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నా దృష్టిలో రివ్యూలో బరువైన సగం ఇదే.

విమానం మీద మీ కంటికి కొత్తగా కనిపించిన ఐదు వస్తువులు ఎంచుకోండి. ఒక అతుకు, ఒక కొత్త యాంటెన్నా, రంగు తేడాగా ఉన్న ప్యానెల్, మెరుస్తున్న కొత్త గొట్టం, తెలియని స్విచ్చి. ఫోటో తీసి బల్ల దగ్గరకు వచ్చి, అది ఎప్పుడు ఎవరు పెట్టారో రికార్డుల్లో వెతకండి. కాగితం లేని అతుకును ఏ పట్టికా మీకు చూపించదు. అది విమానం మీద మాత్రమే ఉంటుంది.

ఒకసారి మాగ్నెటో సీరియల్ నంబరులో ఒక్క అంకె కలవలేదు. లాగ్‌బుక్కులో 3, మాగ్నెటో మీద 8. రాతలో పొరపాటే అయ్యుంటుందని అందరూ అన్నారు. విడుదల పత్రం తెప్పించడానికి రెండు రోజులు పట్టింది. చివరికి పొరపాటే. అయినా ఆ రెండు రోజులు ఆగడం సరైన పనే. 3 నంబరుతో నిజంగానే ఇంకో మాగ్నెటో ఎక్కడో ఉండి ఉండవచ్చు, అప్పుడు 500 గంటల తనిఖీ లెక్క మొత్తం వేరే భాగానిది అవుతుంది.

11. లోపాలు దొరికాక

లోపాన్ని చూసినట్టే రాయండి. "సీటు బెల్టు బాగోలేదు" అంటే చాలదు. "కుడి ముందు సీటు, భుజం బెల్టు, అంచు దారాలు లేచాయి, లేబుల్ చదవడానికి లేదు" అని రాయండి. ఫోటో జత చేయండి.

రాత తప్పులను చెరపనివ్వకండి. తప్పు మీద ఒకే గీత, పక్కన సరైనది, సంతకం, తేదీ. తెల్ల ఇంకు పూసిన పేజీని ఒప్పుకోకండి.

"ముందు ఏఆర్‌సీ ఇవ్వండి, లోపాలు వారంలో మూసేస్తాం" అనే మాట తప్పకుండా వస్తుంది. అడిగేవాడు మీ సీనియరే కావచ్చు, ఊరివాడే కావచ్చు. లోపాలు మూసి, ఆధారం మీ చేతికి వచ్చి, అవసరమైతే మళ్లీ విమానం దగ్గరకు వెళ్లి చూసాకే సంతకం. ప్రమాదకరమైన లోపమైతే విమానాన్ని ఆపమని వెంటనే రాతపూర్వకంగా చెప్పి, డీజీసీఏకు తెలియజేయండి. ఏఆర్‌సీ ఇవ్వలేని స్థితిలో ఉందని తేలినా డీజీసీఏకు తెలపాలి.

సంతకానికి ముందు చివరిసారి ఇవి చూడండి.

☐ రివ్యూ మొదలైన రోజు నుంచి ఈరోజు దాకా విమానం ఎగిరిందా? ఎగిరితే ఆ గంటలు కలిపారా?
☐ ఈ మధ్యలో కొత్త ఏడీ ఏదైనా వచ్చిందా?
☐ ప్రతి లోపం ఎదురుగా మూసిన ఆధారం ఉందా?
☐ తెరిచిన ప్యానెళ్లకు విడుదల సంతకాలు ఉన్నాయా?
☐ సర్టిఫికెట్ మీద సీరియల్ నంబరు, గంటలు, గడువు తేదీ సరిగ్గా ఉన్నాయా?

సర్టిఫికెట్ ప్రతిని డీజీసీఏకు పంపి, రివ్యూ రిపోర్టుతో పాటు మీ జేబు జాబితాను కూడా ఫైల్లో పెట్టండి. నూనె మరకలున్నా, రాత వంకరగా ఉన్నా దాన్నే పెట్టండి, తిరగరాయకండి. వచ్చే ఏడాది రివ్యూకు వచ్చే మనిషి ముందుగా దాన్నే చూసి, మీరు చూడని భాగాలతో తన జాబితా మొదలుపెట్టాలి.